పోటీ చేయని పార్టీల పేర్లు కొట్టేసే అధికారం ఎన్నికల సంఘానికి ఉందా?

పెన్నాతీరం

2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో మరో 474. మొత్తం 808 పార్టీల పేర్లను ఎన్నికల సంఘం తన జాబితాలోంచి తీసేసింది. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదన్నది కారణం. మొదట చదివినప్పుడు మంచి పనే చేశారనిపించింది. మా బావమరిది లా చదువుతున్నాడు, వాడొచ్చి కొత్త పేచీ పెట్టాడు. పార్టీని రిజిస్టర్ చేసే అధికారం ఈసీకి చట్టం ఇచ్చింది కానీ రద్దు చేసే అధికారం ఇవ్వలేదట. ఆ మాట 2002లో సుప్రీంకోర్టే చెప్పిందట. అదే నిజమైతే ఈ 808 పార్టీలను ఏ అధికారంతో తీసేసినట్టు? ఇవాళ పోటీ చెయ్యలేదని తీసేస్తారు, రేపు సభ్యులు తక్కువున్నారని, ఎల్లుండి ఇంకేదో అని తీసేస్తే అడిగే దిక్కెవరు? తెలిసినవాళ్లు చెప్పండి. నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు, ఓటు వేసేవాణ్ణి, అంతే.

వరంగల్_వకీలు

మీ బావమరిది చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు.

రాజ్యాంగం రాసినప్పుడు అందులో రాజకీయ పార్టీల ప్రస్తావనే లేదు. 1985లో ఫిరాయింపుల మీద పదో షెడ్యూల్ చేర్చినప్పుడు గానీ పార్టీలు అందులోకి రాలేదు. ఇక రిజిస్ట్రేషన్ సంగతి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ చూసుకుంటుంది. ఆ సెక్షన్ 1989 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. పార్టీ పెట్టిన 30 రోజుల్లోగా దరఖాస్తు చెయ్యాలి. రాజ్యాంగం పట్ల విధేయత, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం, దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రత వీటికి కట్టుబడి ఉంటామని పార్టీ నియమావళిలో రాసుకోవాలి. అన్నీ సక్రమంగా ఉంటే ఈసీ రిజిస్టర్ చేస్తుంది. కాదంటే ముందు వాళ్ల వాదన వినాలి. రద్దు గురించి ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

2002 కేసు కేరళ నుంచి వచ్చింది. బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమని 1997లో అక్కడి హైకోర్టు చెప్పింది. ఆ తర్వాత కూడా బంద్‌కు పిలుపిచ్చిన పార్టీల రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని కొందరు పిటిషన్లు వేశారు. చివరికి సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, రిజిస్టర్ చెయ్యడం తీర్పు ఇవ్వడంలాంటి పని, ఒకసారి ఉత్తర్వు ఇచ్చాక చట్టం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప దాన్ని ఈసీ తిరగదోడకూడదు. మూడు సందర్భాలను మాత్రం మినహాయించింది. మోసం చేసో దొంగ కాగితాలు పెట్టో రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే రద్దు చెయ్యొచ్చు. పార్టీయే తన నియమావళి మార్చుకుని ఆ విధేయత మాకు లేదంటే చెయ్యొచ్చు. విచారణ అక్కర్లేని అలాంటి మరే కారణమైనా ఉంటే, అంటే ఉదాహరణకు కేంద్రం ఆ పార్టీని చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటిస్తే, చెయ్యొచ్చు. బంద్ చేశారనో హామీ తప్పారనో రద్దు చెయ్యడం కుదరదు.

కృష్ణలంక_కుర్రాడు

అంటే పెళ్లి చేసిన పంతులుగారికి విడాకులిచ్చే అధికారం లేదన్నమాట 😀

పెన్నాతీరం

కుర్రాడు మూడు పేరాలను ఒక్క లైన్లో తేల్చేశాడు. కానీ వకీలు గారూ, పోటీ చెయ్యకపోవడం ఆ మూడింటిలో లేదు కదా? మరి ఆరేళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

వరంగల్_వకీలు

ఈసీ తయారు చేసుకున్న మార్గదర్శకాల నుంచి. రిజిస్టర్ అయిన ఐదేళ్లలోగా ఈసీ జరిపే ఏదో ఒక ఎన్నికలో పోటీ చేస్తామని పార్టీ నియమావళిలోనే రాయాలి. వరుసగా ఆరేళ్లు పోటీ చెయ్యకపోతే జాబితాలోంచి తొలగిస్తారన్నది కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. ఇదంతా రాజ్యాంగంలోని 324వ అధికరణం కింద ఎన్నికల నిర్వహణ మీద తమకున్న అధికారంలో భాగమని ఈసీ అంటుంది. పార్లమెంటు చేసిన చట్టంలో మాత్రం ఆరేళ్ల మాట లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పాలమూరు_పిల్ల

ఇందులో చిక్కేముంది? పోటీ చేస్తామని మీ నియమావళిలో మీరే రాసుకున్నారు, మీరే సంతకం పెట్టారు. చెయ్యలేదు, పేరు పోయింది. ఆరేళ్లంటే తక్కువ టైమా? లోక్‌సభ, అసెంబ్లీ, ఉపఎన్నికలు కలిపి ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. ఒక్కదాంట్లో కూడా ఒక్క మనిషిని నిలబెట్టలేనివాళ్లకు పార్టీ ఎందుకు?

గోదావరి_గట్టు

పాలమూరు చెల్లెమ్మా, ఒక చిన్న పార్టీకి కార్యదర్శిగా పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. పేరు చెప్పను, జిల్లా దాటి ఎవరికీ తెలియదు. కొబ్బరి రైతుల సమస్యల మీద మొదలైన పార్టీ అది.

రిజిస్ట్రేషన్‌కి పదివేల రూపాయల డీడీ కట్టాం. అదేం పెద్ద పని కాదు. కనీసం వందమంది సభ్యులుండాలి, అందరూ ఓటర్లై ఉండాలి, వేరే ఏ రిజిస్టర్డ్ పార్టీలోనూ సభ్యులం కాదని ఒక్కొక్కరూ విడివిడిగా అఫిడవిట్ ఇవ్వాలి. ఆ వందమందిని నోటరీ దగ్గరికి తీసుకెళ్లడం ఉంది చూశారూ! ఒకాయన కోతలున్నాయంటాడు. ఒకావిడ ఓటరు కార్డులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఇంకొకాయన స్టాంపు పేపరు మీద సంతకం అనగానే ఆస్తి రాయించుకుంటున్నారనుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆయన భార్య మాత్రం ముందుకొచ్చి పెట్టింది. ఆ తర్వాత రెండు జాతీయ పత్రికల్లో, రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన వెయ్యాలి, ఎవరికైనా అభ్యంతరముంటే 30 రోజుల్లో చెప్పమని. డీడీ కంటే ప్రకటనల ఖర్చే మాకు ఎక్కువైంది.

ఇంతా చేశాక మా అధ్యక్షుడు పోయాడు. ఆఫీసు ఆయన ఇంటి ముందు గదిలో ఉండేది, కొడుకులు ఇల్లు అమ్మేశారు. చిరునామా గానీ పదవులు గానీ మారితే ఆలస్యం లేకుండా ఈసీకి తెలియజేయాలని 29ఏలోనే ఉంది. ఆ పని చూడాల్సినవాళ్లు ఎవరి గొడవల్లో వాళ్లున్నారు. అలాంటి పార్టీకి నోటీసు ఇచ్చినా పాత చిరునామాకే వెళ్తుంది. అలా పోయిన పార్టీని, డబ్బులు తెల్లగా చేసుకోడానికి పెట్టిన పార్టీని ఒకే గాట కట్టకూడదన్నది నా బాధ.

పాలమూరు_పిల్ల

మీ బాధ అర్థమైంది అన్నా. కానీ చిరునామాలో మనిషే లేకపోతే ఈసీ మాత్రం ఏం చేస్తుంది? 2022లో విచారించినప్పుడు 86 పార్టీలు ఆ చిరునామాల్లో అసలు లేనే లేవని తేలింది. ఉత్తరాలు వెనక్కి వచ్చేశాయి. వాటన్నిటినీ జాబితాలో మోయాలా?

వరంగల్_వకీలు

ఇది 2025లో మొదలైంది కాదు, అది కూడా గుర్తుంచుకోవాలి. 2016 డిసెంబరులో 255 పార్టీలను తీశారు. 2022 మేలో 87, జూన్‌లో 111, సెప్టెంబరులో మీరన్న ఆ 86. అదే సెప్టెంబరులో మరో 253 పార్టీలను క్రియారహితంగా ప్రకటించారు. తాజా విడతలో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి (సీఈఓ) షోకాజ్ నోటీసు ఇచ్చి, విచారణకు పిలిచి, నివేదిక పంపాక ఢిల్లీలో నిర్ణయం తీసుకున్నారు. మొదటి విడతలో 345 పార్టీలను విచారిస్తే 334 తొలగించారు. అంటే వచ్చి సమాధానం చెప్పుకున్న కొద్దిమంది నిలబడ్డారు. కళ్లు మూసుకుని కొట్టేశారనడం న్యాయం కాదు.

లెక్కల_మాస్టారు

గోదావరి గారు "డబ్బులు తెల్లగా" అన్నారు, నేను రోజూ చూసేది అదే. గుర్తింపు ఉన్నా లేకపోయినా రిజిస్టర్డ్ పార్టీకి ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు ఉంది. 20 వేలు దాటిన విరాళాల వివరాలు ఈసీకి ఇవ్వాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి, రెండు వేలకు మించి నగదు తీసుకోకూడదు. విరాళమిచ్చినవాడికి, పాత పన్ను విధానంలో ఉంటే, ఇచ్చిన మొత్తమంతా ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుంది. దీని మీదే ఒక వ్యాపారం నడుస్తోంది.

నా దగ్గర రిటర్నులు వేయించుకునే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఓ ఏడాది పెద్ద మొత్తానికి విరాళం రశీదు పట్టుకొచ్చాడు. పార్టీ పేరు నేనెప్పుడూ వినలేదు. అధ్యక్షుడెవరో చెప్పమన్నాను, తెలియదన్నాడు. గుర్తేమిటన్నాను, అదీ తెలియదు. ఆఫీసులో ఎవరో ఏజెంటును పరిచయం చేశారట. బ్యాంకులో డబ్బు వేస్తే కమిషన్ పట్టుకుని మిగతాది నగదుగా ఇంటికే తెచ్చిచ్చాడట. నేను ఆ రిటర్ను వెయ్యనన్నాను. వేరే చోట వేయించుకున్నాడు. తర్వాత నోటీసు వచ్చింది, పన్ను, వడ్డీ, దాని మీద పెనాల్టీ భయం. భార్యాభర్తలిద్దరూ వచ్చి నా ఎదురుగా కూర్చుంటే మొహాల్లో నెత్తుటి చుక్క లేదు.

ఇలాంటి పార్టీల మీద ఐటీ శాఖ 2022 సెప్టెంబరులో చాలా రాష్ట్రాల్లో సోదాలు చేసింది. కాబట్టి జాబితా శుభ్రం చెయ్యడం అవసరమే. నాకు ఆ విషయంలో అనుమానం లేదు.

కృష్ణలంక_కుర్రాడు

గుర్తు తెలియని పార్టీకి విరాళమా! మా మామయ్య గుడి హుండీలో పది రూపాయలు వెయ్యడానికే దేవుడెవరో నాలుగుసార్లు అడుగుతాడు.

పెన్నాతీరం

మాస్టారూ, ఇక్కడే నాకు ఇంకో అనుమానం. దొంగ విరాళాల వ్యాపారం చేసేవాడికి ఆరేళ్లకోసారి ఒక అభ్యర్థిని నిలబెట్టడం ఎంత పని? అసెంబ్లీకి డిపాజిట్ పదివేలు, లోక్‌సభకి పాతికవేలు. ఆ డిపాజిట్ పోయినా వాడికి లెక్క లేదు. పోటీ చెయ్యలేదన్న నిబంధనకి దొరికేది గోదావరి గారి కొబ్బరి రైతుల పార్టీలాంటివే. తెలివైన దొంగ దొరకడు.

లెక్కల_మాస్టారు

సరిగ్గా అడిగారు. అందుకే 2025 సెప్టెంబరులో ఈసీ ఇంకో 359 పార్టీల మీద విచారణ మొదలెట్టింది. అవి పోటీ చేశాయి, కానీ 2021-22 నుంచి మూడేళ్ల ఆడిట్ లెక్కలు గడువులోగా ఇవ్వలేదు, ఎన్నికల ఖర్చు నివేదికలూ ఇవ్వలేదు. అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వాలి. నా దృష్టిలో అసలు చూడాల్సింది ఇదే. పోటీ చేశాడా లేదా అన్నది పక్కన పెట్టి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది చెప్పమనాలి.

గోదావరి_గట్టు

ఆ లెక్కయితే నేను చేతులెత్తి దండం పెడతాను. మా పార్టీ మొత్తం ఖర్చు ఒక నోటు పుస్తకంలో పట్టింది. చూపించమంటే ఎప్పుడైనా చూపిస్తాం.

ఆలేరు_అన్న

మీరంతా పైసల లెక్క మాట్లాడుతున్నారు, చిన్న పార్టీల వల్ల ఓట్లు ఎట్లా గల్లంతవుతాయో నేను చెబుతా. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మా భువనగిరిలో కారు గుర్తు అభ్యర్థి ఓడిపోయింది 5,219 ఓట్లతో. రోడ్డురోలర్ గుర్తుకు పడ్డ ఓట్లు 27 వేల పైచిలుకు! ఆ అభ్యర్థి ప్రచారానికి వచ్చినట్టు మా ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. నేను ఆ రోజు పోలింగ్ కేంద్రం బయట ఉన్నా. ఒక ముసలమ్మ ఓటేసి వచ్చి "కారుకే గుద్దిన బిడ్డా" అన్నది. "ఏ కారు అవ్వా?" అంటే "ముంగట పెద్ద గిర్ర ఉన్నది గద" అన్నది. నాకు ఏడుపొక్కటే తక్కువ. 2022 మునుగోడు ఉపఎన్నికలో కూడా ఇదే గుర్తు మీద మళ్లీ లొల్లి అయింది.

కృష్ణలంక_కుర్రాడు

పెద్ద గిర్ర ఉన్న కారు 😂 అవ్వ మాట మాత్రం సూపర్.

పాలమూరు_పిల్ల

అన్నా, అది గుర్తుల కేటాయింపు సమస్య. రిజిస్ట్రేషన్‌కి దీనికి సంబంధమేంటి? పార్టీ లేకపోయినా ఇండిపెండెంటుకు అదే గుర్తు వస్తుంది కదా.

ఆలేరు_అన్న

సంబంధం ఉన్నది. పేరు, గుర్తు, రంగు చూసి మోసపోయేది ఓటరే. జాబితాలో రెండు వేలకు పైగా పార్టీలు ఉంటే ఎవరు అసలో ఎవరు నకిలీయో ఎట్లా తెలవాలె?

లీడ్స్_లక్ష్మి

ఆలేరు అన్నగారి మాట కొట్టెయ్యకండి. నేనుండే బ్రిటన్‌లో పార్టీల రిజిస్ట్రేషన్ చట్టం రావడానికి ఇలాంటి గందరగోళమే పెద్ద కారణం. 1994 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో డెవన్ ప్రాంతంలో ఒకాయన "లిటరల్ డెమోక్రాట్" అని పేరు పెట్టుకుని నిలబడ్డాడు. లిబరల్ డెమోక్రాట్ అనుకుని జనం వేసేశారు. ఆయనకి 10,203 ఓట్లు. అసలు లిబరల్ డెమోక్రాట్ అభ్యర్థి ఓడింది 700 ఓట్లతో. 1998లో పార్టీల రిజిస్ట్రేషన్‌కి చట్టం తెచ్చారు.

ఇక్కడి పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, ప్రతి పార్టీ ఏడాదికోసారి తన వివరాలు సరిగ్గా ఉన్నాయని ఎలక్టోరల్ కమిషన్‌కి ధ్రువీకరించి 25 పౌండ్ల ఫీజు కడుతుంది. కట్టకపోతే పేరు పోతుంది. అది చట్టంలోనే ఉంది కాబట్టి ఎవరూ కక్ష అనుకోరు. గోదావరి గారి పార్టీలాంటిది కూడా మొదటి ఏడాదే మేలుకునేది, ఇల్లు అమ్ముడైపోయేదాకా ఆగక్కర్లేదు.

గోదావరి_గట్టు

లక్ష్మి గారూ, ఏడాదికో ఫారం, కొంచెం ఫీజు అంటే మాలాంటివాళ్లకి భారం కాదు. ఆరేళ్లు ఎవరూ పలకరించకుండా ఒకేసారి పేరు పోవడం కంటే అది నయం.

నల్లమల_నీడ

ఇంత చర్చ అవసరమా? 2023లో బీఆర్‌ఎస్ మీద ఆంధ్రలో వేటు వేశారు, సీపీఐ మీద కూడా వేశారు. ఎవరేం చెయ్యగలిగారు? ఈసీ తలుచుకుంటే ఏ పార్టీనైనా తీసేస్తుంది.

వరంగల్_వకీలు

నల్లమల గారూ, అది వేరు, ఇది వేరు. చాలామంది ఇక్కడే తికమక పడతారు. 2023 ఏప్రిల్ 10న పోయింది గుర్తింపు, రిజిస్ట్రేషన్ కాదు. సీపీఐ, ఎన్‌సీపీ, తృణమూల్ జాతీయ పార్టీ హోదా కోల్పోయాయి. బీఆర్‌ఎస్‌కి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పార్టీ హోదా పోయింది. తెలంగాణలో అలాగే ఉంది. అదే రోజు ఆమ్ ఆద్మీకి జాతీయ హోదా వచ్చింది. ఇదంతా 1968 గుర్తుల ఉత్తర్వు కింద, ఓట్ల శాతం, సీట్ల లెక్క ప్రకారం జరిగేది. ఉదాహరణకు అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లు, రెండు సీట్లు వస్తే రాష్ట్ర పార్టీ అవుతుంది. రాకపోతే ఆ హోదా పోతుంది, పార్టీ మాత్రం ఉంటుంది.

గుర్తింపు విషయంలో ఈసీకి అధికారం స్పష్టంగా ఉంది. ప్రవర్తనా నియమావళిని గానీ ఈసీ ఆదేశాలను గానీ పాటించకపోతే గుర్తింపును నిలిపేసే 16ఏ పేరా కూడా ఆ గుర్తుల ఉత్తర్వులో ఉంది. 2015లో ఎన్నికల ఖర్చు లెక్క ఇవ్వలేదని మేఘాలయకు చెందిన నేషనల్ పీపుల్స్ పార్టీ గుర్తింపును దాని కిందే నిలిపేశారు.

కృష్ణలంక_కుర్రాడు

గాజుగ్లాసు గొడవ కూడా అందుకేనా? 2024లో జనసేన పోటీ చెయ్యని చోట్ల ఇండిపెండెంట్లకి గ్లాసు ఇచ్చారు కదా, మా ఏరియాలో పెద్ద టెన్షన్.

వరంగల్_వకీలు

అవును. అప్పటికి జనసేన రిజిస్టర్ అయిన పార్టీయే కానీ గుర్తింపు పొందింది కాదు. గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తు ఉండదు, ఎవరికీ కేటాయించని గుర్తుల (ఫ్రీ సింబల్స్) లోంచి తన అభ్యర్థులందరికీ కలిపి ఒక ఉమ్మడి గుర్తు అడగాలి, అందుకు రాష్ట్రంలోని అసెంబ్లీ స్థానాల్లో కనీసం 5 శాతం చోట్ల నిలబడాలి. ఆ ఎన్నికల్లో 21కి 21 గెలిచాక, 2025 జనవరిలో రాష్ట్ర పార్టీగా గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆంధ్రలో గ్లాసు వాళ్లదే.

నల్లమల_నీడ

సరే, తేడా అర్థమైంది. కానీ నా అసలు మాట పార్టీ లోపల ప్రజాస్వామ్యం గురించి. 2022 జులైలో జగన్ గారిని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకున్నారని వార్తలొచ్చాయి. శాశ్వత పదవులు ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఈసీ సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. వినకపోతే ఈసీ ఏం చేసేది?

తాడేపల్లి_తమ్ముడు

ఒక్క మా పార్టీయే కనపడిందా? ఏ పార్టీలో అధ్యక్షుడి ఎన్నికకి పోటీ జరుగుతోంది? కొడుకు, అల్లుడు, కూతురు, వీళ్లు కాక ఎవరొచ్చారు?

నల్లమల_నీడ

నేను ఉదాహరణగా చెప్పాను, మీ పార్టీని తిట్టలేదు.

మోడరేటర్

తమ్ముడు గారూ, నల్లమల గారూ, పార్టీల పోలికలు ఇక్కడితో ఆపండి. ఆ ముచ్చట్లకు వేరే దారం ఉంది. ఇక్కడ ఈసీ అధికారం మీదే మాట్లాడదాం.

లెక్కల_మాస్టారు

నల్లమల గారి ప్రశ్న మాత్రం మంచిదే. 2002 తీర్పు ప్రకారం చూస్తే, నియమావళిలో ప్రజాస్వామ్యం అని రాసుకుని లోపల పాటించని పార్టీని ఈసీ మందలించగలదు, రిజిస్ట్రేషన్ తీసెయ్యలేదు. చూడండి ఎంత విచిత్రమో. పోటీ చెయ్యని పేదపార్టీ పేరు తేలిగ్గా పోతుంది. కోట్లాది ఓట్లున్న పార్టీ ఏ నిబంధన పాటించకపోయినా ఎవరూ ఏమీ చెయ్యలేరు.

పాలమూరు_పిల్ల

చెయ్యగలిగితే మంచిదంటారా మాస్టారూ? అధికారంలో ఉన్నవాళ్లకి నచ్చని పార్టీని రద్దు చేసే వీలు ఈసీకి ఇస్తే ఏమవుతుందో పక్కనే బంగ్లాదేశ్‌ను చూడండి. 2013లో అక్కడి హైకోర్టు జమాతే ఇస్లామీ రిజిస్ట్రేషన్ చెల్లదంది. 2025 మేలో, అంతకుముందు అధికారంలో ఉన్న అవామీ లీగ్ రిజిస్ట్రేషన్ నిలిపేశారు. మరుసటి నెలలోనే జమాత్‌కి రిజిస్ట్రేషన్ తిరిగి ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి రోజులొస్తే వాళ్ల ఎదుటివాడి పేరు పోతోంది. పోటీ చెయ్యనివాళ్లను తీసెయ్యడానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను, అది కొలిచి చెప్పగలిగిన కారణం. భావాలు, ప్రవర్తన చూసి తీసెయ్యడానికి ఒప్పుకోను.

పెన్నాతీరం

ఇప్పుడు మీరూ నేనూ దగ్గరికొచ్చాం! నా భయం మొదటి నుంచీ అదే. ఇవాళ కొలిచి చెప్పగలిగిన కారణం చూపించారు. కానీ ఆ కారణం ఈసీ రాసుకున్న మార్గదర్శకంలో ఉంది, చట్టంలో లేదు. మార్గదర్శకాన్ని రాసినవాళ్లే మార్చుకోవచ్చు. 2023 చట్టం ప్రకారం ప్రధాన ఎన్నికల కమిషనర్‌ని ఎంపిక చేసే ముగ్గురిలో ప్రధాని, ఆయన నియమించే కేంద్రమంత్రి, ప్రతిపక్ష నేత ఉంటారు. ఇద్దరు ఒకే వైపు. ఎవరి ప్రభుత్వమైనా సరే, అలా వచ్చిన సంఘం చేతిలో హద్దులు రాయని అధికారం పెట్టకూడదు.

లీడ్స్_లక్ష్మి

జర్మనీలో పార్టీని నిషేధించే అధికారం రాజ్యాంగ న్యాయస్థానానికి తప్ప ఇంకెవరికీ లేదు. 1952లో ఒకటి, 1956లో కమ్యూనిస్టు పార్టీ, ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ పార్టీనీ నిషేధించలేదు. 2017లో ఎన్‌పీడీ అనే పార్టీ లక్ష్యాలు రాజ్యాంగ విరుద్ధమే అని ఒప్పుకుంటూ, వాటిని సాధించే శక్తి దానికి లేదని నిషేధానికి కోర్టు నిరాకరించింది.

వరంగల్_వకీలు

మన దగ్గర కూడా అలాంటి ఆలోచన ఒకప్పుడు వచ్చింది. 1994లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణ బిల్లు పెట్టారు, పార్టీ రిజిస్ట్రేషన్ రద్దు కోరుతూ హైకోర్టుకు ఫిర్యాదు చేసే వీలు అందులో ఉంది. అది చట్టం కాలేదు. తర్వాత ఈసీ తనకే ఆ అధికారం ఇవ్వమని కేంద్రానికి ప్రతిపాదనలు పంపుతూ వచ్చింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో వరుసగా పదేళ్లు పోటీ చెయ్యని పార్టీల రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యాలని సిఫారసు చేసింది. గమనించండి, అక్కడ పదేళ్లు, ఈసీ మార్గదర్శకంలో ఆరేళ్లు. ఎంతకాలం ఆగాలన్నది పార్లమెంటు తేల్చాల్సిన మాట.

నన్నడిగితే పోటీ, లెక్కలు, చిరునామా, ఈ మూడింటి మీద తొలగించే అధికారం ఈసీకి చట్టంలోనే రాసి ఇవ్వాలి. అంతకు మించిన ఏ కారణమైనా హైకోర్టు చూడాలి.

ఆలేరు_అన్న

పార్లమెంటులో కూర్చున్నది పెద్ద పార్టీలోళ్లే గద వకీలు సాబ్. లెక్కలు గట్టిగా అడిగే చట్టం వాళ్లెందుకు చేస్తరు?

లెక్కల_మాస్టారు

అందుకే ఇరవై ఏళ్లు దాటినా కాలేదు అన్నా.

గోదావరి_గట్టు

ఒక సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. పేరు తీసేశాక ఏం పోతుంది, ఏం మిగులుతుంది? మా పాత సభ్యులు కొందరు మళ్లీ కలుద్దామంటున్నారు.

వరంగల్_వకీలు

పన్ను మినహాయింపు పోతుంది. చట్టంలోని 29బీ, 29సీ కింద రిజిస్టర్డ్ పార్టీగా విరాళాలు తీసుకునే హక్కు, గుర్తుల ఉత్తర్వు కింద ఉమ్మడి గుర్తు అడిగే హక్కు పోతాయి. సంఘం పెట్టుకునే మీ హక్కు ఎక్కడికీ పోదు, 19వ అధికరణం అలాగే ఉంది. సమావేశాలు పెట్టుకోవచ్చు, కరపత్రాలు పంచుకోవచ్చు, ఇండిపెండెంట్లుగా నిలబడొచ్చు. తొలగించిన ఉత్తర్వు మీద 30 రోజుల్లోగా ఈసీకే అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ న్యాయం జరగలేదనుకుంటే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు. 2002 తీర్పు మీ చేతిలో ఉంటుంది. అప్పీలు వేసేటప్పుడు కొత్త చిరునామా, కొత్త పదవుల వివరాలు, ఆడిట్ లెక్కలు జతచెయ్యండి, అవి లేకుండా వాదన నిలబడదు.

లెక్కల_మాస్టారు

గోదావరి గారూ, ఆ నోటు పుస్తకం పట్టుకురండి. ఆడిట్ నేను చేసిపెడతాను, ఫీజు వద్దు. దసరా సెలవుల్లో రాజమండ్రిలోనే ఉంటాను.

గోదావరి_గట్టు

మాస్టారూ, ఇది విని మా కోశాధికారి నిద్రపోడు ఇవాళ! అప్పీలు గడువు మాకు దాటిపోయిందో లేదో ముందు సీఈఓ ఆఫీసుకు వెళ్లి కనుక్కుంటాం. దాటితే కొత్తగా దరఖాస్తు పెడతాం. మళ్లీ వందమంది, మళ్లీ నోటరీ.

కృష్ణలంక_కుర్రాడు

సంతకం పెట్టకుండా వెనక్కి వెళ్లిన ఆయన్ని ఈసారి అడగొద్దు, నేరుగా ఆయన భార్యనే అడగండి.

పెన్నాతీరం

వకీలు గారు రాసింది మా బావమరిదికి పంపాను. మూడు కారణాల సంగతికి ఒప్పుకున్నాడు. మిగతావి హైకోర్టు చూడాలన్నదానికి మాత్రం ఒప్పుకోవట్లేదు. ఇప్పటికే అక్కడ కేసులు కుప్పలుగా ఉన్నాయి, తేలేసరికి రెండు ఎన్నికలు అయిపోతాయి అంటున్నాడు. రేపు వాణ్ణే ఇక్కడికి రమ్మంటాను, మీరే చూసుకోండి.